సూర్యుడు ఉత్తరాన వచ్చిన రోజు

"సూర్యుడు రాని ఊరు కూడా ఉంటాదేట్రా?"

1991 నవంబరులో, అంటార్కిటికా బయల్దేరే ముందు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ అడిగిన మాట ఇది. పెరట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని చెప్తున్నాను. మే నెల మూడో వారం దాటాక అక్కడ పొద్దు గుంకితే మళ్ళీ జులై చివరి వారం దాకా పొడవదు, రెండు నెలలూ చీకటే అని. అమ్మ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

"మరి పొద్దున్నే లేచి ఎవుడికి దండం పెడతావు?"

నేను దండం పెట్టడం మానేసి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ సంగతి అమ్మకి తెలియదనే అనుకునేవాణ్ణి. తెలిసే అడిగిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం నవ్వేసి, "తిరిగొచ్చాక చెప్తాలే అమ్మా" అన్నాను.

మాది కళింగపట్నం దగ్గర ఒక పల్లె. వంశధార సముద్రంలో కలిసే చోటుకి మా ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. మా వైపు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్నే రేవుకి వెళ్తే తెప్పలు నల్లగా, వాటి వెనక ఆకాశం ఎర్రగా ఉండేది. అమ్మ వాకిట్లో కళ్ళాపి జల్లి, ముగ్గు పెట్టి, చెంబుతో నీళ్ళు తీసుకుని తూర్పుకి తిరిగి వదిలేది. ఒక్క రోజు కూడా తప్పేది కాదు. జ్వరం వచ్చిన రోజున గోడ పట్టుకుని వచ్చి మరీ పెట్టింది దండం.

రథసప్తమి వస్తే మా ఇంట్లో సంక్రాంతి కన్నా పెద్ద పండగ. తెల్లవారకముందే లేపి, తల మీదా భుజాల మీదా జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టి చన్నీళ్ళు పోసేది. మాఘమాసపు చలికి పళ్ళు టకటకలాడేవి. తర్వాత తులసికోట దగ్గర పిడకలు రాజేసి, ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి, కొత్త బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండేది. అది ఉడికేలోపు రథం కట్టడం నా పని. లేత చిక్కుడుకాయలు పనికిరావు, వంగిపోతాయి. ముదురుగా, గింజ పట్టినవి ఏరుకోవాలి. చీపురు పుల్లలు విరిచి కాయకీ కాయకీ మధ్య గుచ్చాలి. నాలుగు కాయలు నిలబెట్టి, పైన రెండు అడ్డంగా వేస్తే రథం అవుతుంది. పుల్ల సరిగ్గా గింజలోంచి దిగితేనే బిగుస్తుంది, తొక్కలోంచి దిగితే రథం పక్కకి ఒరిగిపోతుంది. వేడి పరమాన్నం చిక్కుడాకు మీద పెట్టగానే ఆకు మెత్తబడి ఒక పచ్చి వాసన వచ్చేది. ఎన్ని దేశాలు తిరిగినా ఆ వాసన మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

ఆ రోజు కాకపోయినా మాఘమాసంలో ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళేవాళ్ళం. బస్సులో శ్రీకాకుళం, అక్కడి నుంచి నడక. హర్షవల్లి అన్న పేరే అరసవల్లి అయిందని నాన్న దారిలో చెప్పేవారు. ఏడో శతాబ్దంలో తూర్పు గాంగుల రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్తారు. నల్లరాతి విగ్రహం, రెండు చేతుల్లో తామర మొగ్గలు, కింద ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు, పక్కన ఉష, ఛాయ, పద్మ. కళ్ళ జబ్బులవాళ్ళు, చర్మం జబ్బులవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పుష్కరిణిలో మునిగేవాళ్ళు. అమ్మ నా కళ్ళ మీద తడిచేత్తో రాసేది.

ఇక రెండో గుడి ఒకటుంది. గుడి అన్నానంటే తమాషాకి కాదు, నాకు అది గుడే. కళింగపట్నంలోని వాతావరణ పరిశీలన కేంద్రం. ఊళ్ళో అందరూ వెదర్ ఆఫీసు అనేవాళ్ళు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఒకసారి తీసుకెళ్ళారు. పచ్చగడ్డి మధ్యలో నాలుగు కాళ్ళ మీద ఒక తెల్ల చెక్క పెట్టె. గోడలన్నీ ఏటవాలు పలకలే, గాలి ఆడాలి గానీ ఎండ తగలకూడదు. సరిగ్గా ఉదయం ఎనిమిదిన్నరకి ఒకాయన వచ్చి తలుపు తీశాడు. లోపల థర్మామీటర్లు. అందులో ఒకదాని గుండుకి పల్చటి మల్లు గుడ్డ చుట్టి, దారం ఒక నీళ్ళ బుడ్డిలోకి వేలాడేశారు. "దానికేమైంది, దెబ్బ తగిలిందా?" అని అడిగాను. ఆయన నన్ను ఎత్తి చూపించాడు. గుడ్డ తడి ఆరేటప్పుడు చల్లబడుతుందట, రెండు థర్మామీటర్ల తేడా చూస్తే గాలిలో ఎంత తేమ ఉందో తెలుస్తుందట. "ఇదే సమయానికి దేశమంతా ఇలాగే తలుపులు తీసి చూస్తారు బాబూ" అన్నాడు. ఆ మాట నన్ను పట్టేసింది. అందరూ ఒకే వేళకి, ఒకే రకం పెట్టె ముందు నిలబడటం. అమ్మ తూర్పుకి తిరిగి నిలబడటం లాగే అనిపించింది. ఆ వయసులో ఆ పోలిక చెప్పడం చేతకాలేదు, అంతే.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అందరిలాగే నాకూ దేవుడి మీద విసుగు పుట్టింది. అరసవల్లిలో ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 ప్రాంతంలోనూ ఉదయపు కిరణాలు మండపం గుండా వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. జనం విరగబడి వస్తారు. నేను లాగరిథమ్ టేబుళ్ళ పుస్తకం ముందేసుకుని లెక్క కట్టి నాన్నకి చూపించాను. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 21కి పదకొండు, పన్నెండు రోజుల ముందూ, అలాంటిదే అయిన సెప్టెంబరు 23 దాటిన ఎనిమిది, తొమ్మిది రోజులకీ సూర్యుడు భూమధ్యరేఖకి సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణాన ఉంటాడు. అంటే ఆ రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకే చోట, తూర్పుకి కొంచెం దక్షిణంగా ఉదయిస్తాడు. గుడి ద్వారాల వరస ఆ దిక్కుకి ఉంది. "ఇందులో మహిమ ఏముంది నాన్నా, రెండూ రెండు లెక్కలు" అన్నాను. వెయ్యేళ్ళ తర్వాత అక్కడ ఏ రోజున వెలుగు పడుతుందో కూడా కట్టి చెప్పగలనన్నాను.

నాన్న ఆ కాగితం మొత్తం చదివారు. మాస్టారు కదా, ఒక కూడిక తప్పు కూడా దిద్దారు. తర్వాత అడిగారు: "బాగుంది. అయితే రేపు పొద్దున్న మబ్బు పడుతుందా, పడదా?"

అది సెప్టెంబరు 30. అక్టోబరు అంటే మాకు తుపాను మబ్బుల కాలం, చాలా ఏళ్ళు ఆ రెండు రోజులూ కిరణం కనబడదు. నేను ఏమీ చెప్పలేకపోయాను. వెయ్యేళ్ళ తర్వాత సూర్యుడి సంగతి తెలిసినవాణ్ణి, పన్నెండు గంటల తర్వాత అరసవల్లి మీద మబ్బు సంగతి తెలియదు. మర్నాడు ముగ్గురం వెళ్ళాం. మబ్బు పట్టింది. జనం కాసేపు చూసి, దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారు. ఎవరి ముఖంలోనూ నిరాశ కనబడలేదు. నేనొక్కణ్ణే మబ్బు వంక కోపంగా చూస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగం ఏమిటో అక్కడే తేలిపోయిందని చెప్పాలి.

వాతావరణ శాఖలో చేరాక ట్రైనింగ్ కోసం పుణెలో ఉండగా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. లెక్కకి వచ్చినవాళ్ళే పది వేల మంది దాకా పోయారు. పేపర్లో ఆ ఫొటోలు చూసి రెండు రోజులు అన్నం తినలేకపోయాను. విశాఖపట్నంలో తుపాన్లు కనిపెట్టే రాడార్ 1970లోనే వచ్చింది. అయినా సముద్రం మీద తుపాను ఉందని తెలుసుకోవడం వేరు, గుడిసెలో పడుకున్న మనిషిని రాత్రికి రాత్రి లేపి మెరక మీదకి చేర్చడం వేరు. ఆ మధ్య దూరమే మా జీవితమంతా. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఎన్ని పేపర్లు రాశానో గుర్తు లేదు గానీ, ఆ ఫొటోలు మర్చిపోలేదు.

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం సంగతి కూడా చెప్పాలి. సెలవు పెట్టి, ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కి పూరీ వెళ్ళి, అక్కడి నుంచి కోణార్క్ చేరాను. ఇంట్లో అమ్మ తలుపులు మూసి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి కూర్చుంది. నేను మాత్రం సూర్యుడి గుడి పక్కనే నిలబడి సూర్యుడు మాయం కావడం చూడాలని వెళ్ళాను. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో వెలుగు పల్చబడింది. నీడల అంచులు కత్తితో కోసినట్టు పదునెక్కాయి. గాలి చల్లబడింది. కాకులు గూళ్ళకి మళ్ళాయి. ఉన్నట్టుండి నల్లటి బిళ్ళ, దాని చుట్టూ ముత్యపు రంగు వెలుగు. రెండు నిమిషాలు అటూ ఇటూ, అంతే. ఏం జరుగుతుందో సెకన్లతో సహా తెలిసినవాణ్ణి. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొలుద్దామని తీసుకెళ్ళిన థర్మామీటరు చేతిలోనే ఉండిపోయింది, ఒక్క రీడింగు రాసుకోలేదు.

గ్రహణాలకి మన తెలుగు నేల పెట్టింది పేరు. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు. ఆనాటి సూర్యకాంతిలో కనబడిన ఒక పసుపు గీతే హీలియం జాడ. హీలియోస్ అంటే గ్రీకులో సూర్యుడు. భూమి మీద ఆ వాయువు దొరికింది 1895లో. అంతకు ఇరవై ఏడేళ్ళ ముందే సూర్యుడిలో దొరికింది. మా పక్కనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారనే జమీందారు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో ఇంట్లో నక్షత్రాలను పరిశీలించే వేధశాల పెట్టుకున్నారు. ఈ పేర్లు మా వైపు పిల్లలకి ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ఇంటికొచ్చి అమ్మకి కోణార్క్ కథంతా చెప్తే, "భయమెయ్యలేదేట్రా?" అంది. వేసిందన్నాను. "మంచిది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

అంటార్కిటికాకి గోవా నుంచి ఓడలో బయల్దేరాం. భూమధ్యరేఖ దాటే రాత్రి డెక్ మీద నిలబడి ధ్రువ నక్షత్రం కోసం చూశాను. చిన్నప్పుడు నాన్న చూపించిన చుక్క. మా ఊళ్ళో సుమారు పద్దెనిమిది డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఓడ దక్షిణానికి పోయేకొద్దీ రోజూ కిందకి జారుతూ వచ్చి, ఇప్పుడు నీటి మీది మసకలో కలిసిపోయింది. ఇంక ఏడాదికి పైగా కనబడదు. బదులుగా త్రిశంకు పైకొచ్చింది. మా ఊళ్ళో వేసవి రాత్రుల్లో సముద్రం మీద ఇంతెత్తున కనబడే ఆ నాలుగు చుక్కలు, దక్షిణానికి పోయేకొద్దీ నడినెత్తికి జరిగాయి. త్రిశంకుడి స్వర్గం కథ చెప్తూ నాన్న వేలు పెట్టి చూపించిన దిక్కు గుర్తొచ్చింది. అప్పటికి నాన్న పోయి ఆరేళ్ళు. నలభై డిగ్రీల అక్షాంశం దాటాక వారం రోజులు సముద్రం ఓడని ఊయల ఊపినట్టు ఊపింది. ఆ వారం గురించి రాయడానికి ఏమీ లేదు, బకెట్టు పట్టుకుని పడుకోవడమే.

అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి. అది మంచు మీద కాదు, రాతి మీద ఉంటుంది. ఆ చోటుని షిర్మాకర్ ఒయాసిస్ అంటారు. ఒడ్డుకి సుమారు వంద కిలోమీటర్లు లోపల, గోధుమ రంగు రాళ్ళ గుట్టలు, మధ్యలో ప్రియదర్శిని అనే సరస్సు, చుట్టూ తెల్లటి మంచు ఎడారి. 1989 నుంచి మనవాళ్ళు ఏడాది పొడవునా అక్కడ ఉంటున్నారు. దిగిన మొదటి రోజు సామాన్లు మోస్తూ తల ఎత్తి చూస్తే, రాళ్ళ మధ్య నాలుగు కాళ్ళ మీద తెల్ల చెక్క పెట్టె. కళింగపట్నంలో నేను చూసిన పెట్టే. అవే ఏటవాలు పలకలు, లోపల అవే థర్మామీటర్లు, గుండుకి చుట్టిన అదే మల్లు గుడ్డ. కాకపోతే ఇక్కడ గుడ్డ తడిగా ఉండదు, పల్చటి మంచు పొరలా గడ్డకట్టి ఉంటుంది. మంచు తుపాను వస్తే పలకల సందుల్లో పొడి మంచు కూరుకుపోయేది. తాడు పట్టుకుని వెళ్ళి, బ్రష్‌తో దులిపి, టార్చి వేసి రీడింగు చూసేవాణ్ణి. ఊపిరి తగిలితే థర్మామీటరు ఎక్కుతుందని ఊపిరి బిగపట్టేవాణ్ణి. మైనస్ ముప్పైలో కూడా ఆ పెట్టె ముందు నిలబడితే ఇంటి దగ్గర ఉన్నట్టే ఉండేది.

నా అసలు పని ఓజోన్. అంటార్కిటికా మీద ఓజోన్ పొర పల్చబడుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో బయటపెట్టారు. మేం హైడ్రోజన్ నింపిన బెలూన్లకి చిన్న పరికరం కట్టి పైకి వదిలేవాళ్ళం. పరికరంలో పొటాషియం అయోడైడ్ ద్రవం ఉంటుంది. పైకి పోతూ చుట్టూ ఉన్న గాలిని పీల్చి అందులోకి బుడగలుగా వదులుతుంది. గాలిలో ఓజోన్ ఉంటే చిన్న కరెంటు పుడుతుంది, రేడియో ద్వారా ఆ లెక్క కిందకి వస్తుంది. పేపరు మీద గీత కదులుతూ పోతుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం.

మే మూడో వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరపు అంచు మీద సగం కనబడి మునిగిపోయాడు. దక్షిణార్ధగోళం కదా, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. పుస్తకాల్లో వందసార్లు చదివాను. అయినా ఒళ్ళు ఒప్పుకోదు. పొద్దున లేవగానే కాళ్ళు వాటంతట అవే తూర్పుకి తిరిగేవి. అక్కడ తూర్పున ఏమీ లేదు.

కటిక చీకటి కాదు. మిట్టమధ్యాహ్నం వేళ ఉత్తరాన ఒక సింధూరపు గీత వచ్చి, కాసేపు నిలిచి, చెరిగిపోయేది. మిగతా సమయమంతా నక్షత్రాలు. కొన్ని రాత్రులు ఆకుపచ్చటి అరోరా వెలుగు తెరలు తెరలుగా ఆడేది. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఇచ్చే రంగు అది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు తగిలి వెలుగుతుంది. సూర్యుడు కనబడకపోయినా ఆయన పంపిన కబురులా ఉండేది. ఇన్ని ఉన్నా నెల దాటేసరికి మనుషులు మారిపోయారు. నిద్ర చెడింది. చిన్న మాటకి కోపం. వంటవాడు ఉప్పు ఎక్కువేశాడని ఇద్దరు స్నేహితులు మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాకు రాత్రుళ్ళు ఒకే కల: మా వాకిట్లో ఎండ, ఎండలో ఆరబెట్టిన వడియాలు. శాటిలైట్ ఫోన్ ఉండేది గానీ మా ఊళ్ళో ఫోన్ లేదు. అమ్మ గొంతు వినకుండా ఏడాది గడిచింది.

జులై 23. ఆకాశం తేటగా ఉంది. మధ్యాహ్నం ముందు అందరం వెనకాల గుట్ట ఎక్కాం. పంజాబీ, తమిళుడు, బెంగాలీ, కేరళ అబ్బాయి, నేను, అందరికీ కళ్ళు తప్ప ముఖం కనబడకుండా తొడుగులు. ఎవరూ మాట్లాడట్లేదు. ఉత్తరాన మంచు అంచు మీద ఎరుపు ముదిరింది. తర్వాత ఆ ఎరుపులో ఒక చోట, గోరింటాకు చుక్క పెట్టినంత, ఒక నిప్పు మెరిసింది. అది అటూ ఇటూ సాగి, నలిగిన అంచుతో సన్నటి కొడవలి అంత అయింది. అంతే. పైకి రాలేదు. అలాగే అంచు మీద కాసేపు పక్కకి జరిగి కిందకి దిగిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఆ క్షణంలో నిజానికి సూర్యుడు ఇంకా భూమి అంచు కిందే ఉన్నాడు. గాలి పొరలు వెలుగుని వంచుతాయి. అంచు దగ్గర ఆ వంపు సూర్యుడి వెడల్పు అంత, అరడిగ్రీ కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. అంటే మేం చూసింది కింద ఉన్న సూర్యుణ్ణి గాలి ఎత్తి చూపించిన రూపం. ఇది నాకు తెలుసు. ఎంత ఎత్తిందో లెక్క కట్టి రాయగలను. ఆ వెలుగు సూర్యుడి నుంచి బయల్దేరి ఎనిమిది నిమిషాల పైన అయిందనీ తెలుసు. అన్నీ తెలిసినవాణ్ణి, ఆ లావు చేతి తొడుగుల్లో రెండు చేతులూ ఎప్పుడు జోడించానో మాత్రం నాకు తెలియదు. పక్కన పంజాబీ సోదరుడు ఏదో మెల్లగా చదువుకుంటున్నాడు. కేరళ అబ్బాయి శిలువ గుర్తు వేసుకున్నాడు. నా నోట్లోకి అమ్మ రోజూ అనే మాటే వచ్చింది, "సూర్యనారాయణా, సల్లగా సూడు తండ్రీ." మైనస్ పాతికలో నిలబడి చల్లగా చూడమన్నాను.

తర్వాత లెక్క వేసుకున్నాను. మైత్రిలో అప్పుడు మిట్టమధ్యాహ్నం అంటే మా ఊళ్ళో సాయంత్రం అయిదు కావస్తోంది. అమ్మ పెరట్లో ఉండే వేళ. అదే సూర్యుడు ఆమెకి పడమటి వైపు కొబ్బరిచెట్ల మీద ఉండి ఉంటాడు.

ఆ సూర్యుడి రాకతోనే ఓజోన్ పతనం కూడా మొదలవుతుంది. చలికాలమంతా పైన గడ్డకట్టిన మేఘాల మీద, ఫ్రిజ్‌లు, స్ప్రేల నుంచి వెళ్ళిన రసాయనాల క్లోరిన్ కాచుకుని కూర్చుంటుంది. వెలుగు తగలగానే ఓజోన్‌ని తినడం మొదలుపెడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మా బెలూన్లు పదిహేను, ఇరవై కిలోమీటర్ల మధ్యకి వెళ్ళేసరికి పేపరు మీద గీత దాదాపు సున్నాకి పడిపోయేది. ఏ వెలుగు కోసం రెండు నెలలు కన్నీళ్ళతో ఎదురుచూశానో, ఆ వెలుగునే మనిషి విషానికి నిప్పుగా మార్చాడు. ఆ గీత చూసి నాకు వచ్చిన దుఃఖం మామూలు దుఃఖం కాదు, గుడి అపవిత్రం చేస్తే వచ్చేలాంటిది. ఆ రసాయనాలు ఆపాలని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. నేను మైత్రిలో ఉన్న 1992లోనే మన దేశం కూడా చేరింది. ప్రపంచ దేశాలన్నీ చేరాయి. 2066 ప్రాంతానికి అంటార్కిటికా మీద ఓజోన్ మళ్ళీ 1980 నాటి స్థాయికి వస్తుందని అంచనా. మనుషులు కలిసి ఒక మాట మీద నిలబడగలరని నాకు నమ్మకం ఇచ్చింది ఇదే.

దేవుణ్ణి నమ్ముతారా అని మా కాలనీలో కుర్రాళ్ళు అడుగుతుంటారు. తుపాను దారి గీసేటప్పుడు గానీ, ఓజోన్ లెక్కలో గానీ నేను దేవుణ్ణి ఏనాడూ తేలేదు. తేకూడదు కూడా. కానీ చేతులు లేచినప్పుడు వెనక్కి లాక్కోవడం మానేశాను. ఆ జులై నుంచి.

రిటైరై శ్రీకాకుళం వచ్చేశాక జిల్లా అంతా మళ్ళీ తిరుగుతున్నాను. చిన్నప్పుడు చూసినవే, ఇప్పుడు నింపాదిగా. శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాల పక్కన కూర్చుంటే కింద వంశధార మెరుస్తూ కనబడుతుంది. ఒక ఏడు టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళాను. చింతచెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెడతాయి. ఊరంతా వాటిని సైబీరియా పక్షులంటారు. ఒక పెద్దావిడ వాకిట్లో చింతపండు గింజలు కొడుతుంటే పక్కన కూర్చుని, "అమ్మా, ఇవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే, ఇక్కడిక్కడే తిరుగుతాయి" అని చెప్పాను.

ఆమె చెయ్యి ఆపకుండా అంది: "ఎక్కడివైతే ఏటి బాబూ. పురుటికొచ్చిన ఆడపిల్లలు. ఏ ఊర్నించొచ్చినావని అడుగుతామేటి?"

నిజంగానే అవి వచ్చేది గుడ్లు పెట్టడానికే. ఊరంతా వాటి ఊరి పేరు తప్పు చెప్పింది గానీ, వాటి పని ఆమె సరిగ్గా చెప్పింది. పైనుంచి రెట్టలు పడి వాకిలి పాడవుతున్నా ఆ చెట్లు ఎవరూ కొట్టలేదు. పుస్తకాలు చదివిన మాకన్నా ఆ వాకిళ్ళే వాటిని కాపాడాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. రిటైరైనా అలవాటు పోక రాత్రంతా బులెటిన్లు చూస్తూనే ఉన్నాను. దారి ముందే చెప్పారు, జనాన్ని తరలించారు. రెండు రోజుల తర్వాత ఉద్దానం వెళ్ళాను. కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి, దువ్వెనతో దువ్వినట్టు పడి ఉన్నాయి. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. పడిన చెట్టు మీద కూర్చున్న ఒక రైతు భార్యతో, నేను వాతావరణ శాఖలో పనిచేశానని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పాలనిపించింది. ఆమె లేచి నిలబడి నాకు దండం పెట్టింది. "మీవోళ్ళు ముందే సెప్పినారు బాబూ, పిల్లలం మిగిలినాం. సెట్లకి ఎవులు సెప్తారు?" అంది. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నాకు మాట రాలేదు. 1977 నాటి ఫొటోలు గుర్తొచ్చాయి, ఈ పిల్లలు మిగిలారన్నది గుర్తొచ్చింది. ఆ చెట్టు మొద్దు మీదే ఆమె పక్కన కూర్చున్నాను.

అమ్మ సంగతి చివరికి దాచుకున్నాను.

1993 ఏప్రిల్‌లో ఇంటికి వెళ్ళాను. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, మర్చిపోకుండా అడిగింది. "సెప్తానన్నావు కదరా. మరి ఎవుడికి దండం పెట్టినావు?"

చెప్పాను. గుట్ట, మంచు, ఎర్రటి చుక్క, అందరి చేతులు. సూర్యుడు తూర్పున కాదు ఉత్తరాన వచ్చాడని చెప్పినప్పుడు మాత్రం అమ్మ నమ్మదనుకున్నాను. భూగోళం గీసి చూపించబోయాను. "ఆ రోజుల్లో మన ఊళ్ళో కూడా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడమ్మా" అన్నాను.

"అది నాకు తెల్దేటి? జేష్టం ఆషాడాల్లో మజ్జానం తులిసికోట నీడ దక్షిణానికి పడతాది" అంది.

నేను గీస్తున్న బొమ్మ ఆపేశాను. నలభై ఏళ్ళుగా ఆ పెరట్లో ఆమె చూస్తున్న నీడ.

మర్నాడు పొద్దున్న అలవాటుగా లేచి వాకిట్లోకి వచ్చాను. అమ్మ ముగ్గు పెట్టడం అయిపోయింది. చెంబు తీసుకుని తూర్పుకి తిరిగి నీళ్ళు వదిలింది, దండం పెట్టుకుంది. లోపలికి వెళ్ళబోతూ ఆగింది. చెంబులో మిగిలిన నీళ్ళు చూసుకుని, ఉత్తరానికి తిరిగింది. అటు పక్కింటివాళ్ళ గడ్డివాము తప్ప ఏమీ లేదు. ఆ గడ్డివాము వైపు నీళ్ళు వదిలి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"అదేంటమ్మా?" అన్నాను.

"అక్కడ నిన్ను సూసుకున్నాడు కదరా" అని చెంబు బోర్లించి లోపలికెళ్ళిపోయింది.